సేవా ఆసుపత్రికి వ్యాపార సలహాలా? కొన్ని అపోహలు – వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లోని ట్రస్టు ఆసుపత్రులకు, తక్కువ ఫీజుతో నడిచే చిన్న నర్సింగ్ హోములకు నిర్వహణ సలహాలివ్వడం నా వృత్తి. వ్యాపార సలహాదారునని చెప్పగానే చాలామంది ట్రస్టీల కనుబొమలు ముడిపడతాయి. వారికున్న అనుమానాల్లో తరచుగా వినేవి ఇవి.

అపోహ: సేవ చేసేవాళ్లకు లెక్కలెందుకు? కన్సల్టెంటు వస్తే ముందు ఫీజులు పెంచమంటాడు.

వాస్తవం: నేను ముందు అడిగేది ఒక్కటే: హెర్నియా ఆపరేషన్‌కు మీకు ఎంత ఖర్చవుతోంది? మందులు, కుట్ల దారం, మత్తు డాక్టరు గారికిచ్చేది కలిపి వెంటనే ఒక అంకె చెబుతారు. థియేటర్ నర్సుల జీతాలు, జనరేటర్ డీజిల్, యంత్రాల మరమ్మతు ఒప్పందాలు అందులో ఉండవు. రోగి వచ్చినా రాకపోయినా నెలనెలా కట్టవలసినవి అవే. ఆ ఖర్చు నెలకు 3 లక్షలనుకుందాం. 30 ఆపరేషన్లు చేస్తే ఒక్కోదాని మీద 10 వేలు పడుతుంది. 60 చేస్తే 5 వేలే. వారానికి రెండు రోజులు మాత్రమే తెరుచుకునే థియేటర్ ఉన్నచోట ఫీజు పెంచమనడం తెలివితక్కువ సలహా. సర్జన్ వచ్చే రోజు, మత్తు డాక్టరు వచ్చే రోజు ఒకటయ్యేలా చూసి, రక్తపరీక్షలు ముందురోజే పూర్తిచేయిస్తే అవే జీతాలతో ఇంకా ఎక్కువమందికి వైద్యం చేయవచ్చు. ఎంతమందికి ఉచితంగా చేయగలమో కూడా అప్పుడే తెలుస్తుంది. బోరులో నీరెంతుందో చూసుకోకుండా మన రైతు చీనీ తోట పెట్టడు కదా.

మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిది ఈ దారే. చెల్లించగలిగినవారి ఫీజులే మిగిలినవారి ఉచిత ఆపరేషన్లకు ఆధారం. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. కంటిలో అమర్చే దిగుమతి లెన్సుల ఖరీదు భరించలేక 1992లో అరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. ఇతర కంటి ఆసుపత్రులకు నిర్వహణ నేర్పే లైకో అనే విభాగమూ వారికుంది. అంటే ఒక సేవా ఆసుపత్రే కన్సల్టెంటు అయింది! అయితే ఈ నమూనాను తెచ్చి కాన్పుల ఆసుపత్రికి అతికించమనే సలహాదారును నమ్మకండి. శుక్లం ఆపరేషన్‌కు తేదీ ఇవ్వవచ్చు, పురిటినొప్పులకు ఇవ్వలేం.

అపోహ: పుట్టపర్తిలో అంతా ఉచితమే. మనమెందుకు చేయలేం?

వాస్తవం: పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబరు 22న ప్రారంభమైంది. రోగి నుంచి రూపాయి తీసుకోరు. ఆ వెనుక ప్రపంచమంతటా భక్తులున్న ట్రస్టు ఉంది. అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఎదిగింది విదేశీ దాతల అండతో. నలుగురు స్నేహితులు కలిసి పెట్టిన ట్రస్టుకు అంత మూలధనం ఎక్కడిది? పైగా విదేశీ విరాళాల చట్టం 2020 సవరణ తర్వాత ఇంకా బిగిసింది. ఆ డబ్బును మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు. విరాళాలను నమ్ముకున్న ఆసుపత్రి కనీసం జీతాల మట్టుకైనా స్థానిక ఆదాయం మీద నిలబడాలని నా పట్టుదల.

అపోహ: లాభాపేక్ష లేని సంస్థకు ఏమీ మిగలకూడదు.

వాస్తవం: మిగలవచ్చు, పంచుకోకూడదు. సెక్షన్ 8 కంపెనీకైనా (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నమోదయ్యేది) ట్రస్టుకైనా నియమం ఇదే. పన్ను మినహాయింపు పొందే ధర్మసంస్థ ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయాలకు ఖర్చుపెట్టాలి; మిగిలిన 15 శాతం నిల్వ ఉంచుకోవచ్చు. పాత ఎక్స్‌రే యంత్రం ఆగిపోయిన రోజు ఆ నిల్వ విలువ తెలుస్తుంది.

అపోహ: ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వకపోతే ఇక్కడ ఆసుపత్రి నడవదు.

వాస్తవం: ఈ మాట నాకు చెప్పని డాక్టరు అరుదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ 2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ సొమ్ము చివరికి ఎక్కేది రోగి బిల్లులోకే కాబట్టి, తక్కువ ఫీజు అని బోర్డు రాసుకున్న ఆసుపత్రికి అది ఆత్మవంచన కూడా. మరేం చేయాలి? ఓపీ రిజిస్టరులో ఊరి పేరు తప్పకుండా రాయించండి. కర్నూలుకు గద్వాల, రాయచూరు వైపు నుంచీ రోగులు వస్తారు. ఏ దారిలో వచ్చే బస్సు ఎప్పుడు దిగుతుందో చూసి ఓపీ వేళలు మార్చుకోవచ్చు. గ్రామంలోని ఆర్‌ఎంపీకి కావలసింది డబ్బొక్కటే కాదు. తను పంపిన మనిషి ఏమయ్యాడో ఊళ్లో చెప్పగలిగితే ఆయన మాటకు విలువ. రోగి అనుమతితో ఒక ఉత్తరమో ఫోనో చేయండి. మొదటి నెలల్లో రోగులు తగ్గుతారు, ఆ సంగతి దాచను. ఆ తగ్గుదలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకునే కమీషన్ ఆపాలి.

అపోహ: ఆరోగ్యశ్రీ పెట్టుకుంటే మునిగిపోవడమే.

వాస్తవం: 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు ఆలస్యం కావడం నిజమే. వాటిని ముందుగా తెప్పిస్తానని చెప్పే కన్సల్టెంటును గుమ్మం బయటే ఉంచండి. మన చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. ముందస్తు అనుమతికి పంపే కాగితాల్లో లోపం, డిశ్చార్జి సారాంశంలో సగం నింపిన గళ్లు, అప్‌లోడ్ చేయని ఫొటోలు: తిరస్కరణ కాగితాలు తెరిచి చూస్తే తరచుగా కనిపించేవి ఇవే. పథకం తరఫున ఆసుపత్రిలో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రతో రోజూ పది నిమిషాలు కూర్చునే బాధ్యత ఒక్కరికి అప్పగించండి. ఏ ప్యాకేజీ (ఒక్కో చికిత్సకు పథకం కట్టే మొత్తం) గిట్టుబాటవుతుందో, ఏది కాదో పైన చెప్పిన ఖర్చు లెక్కే తేలుస్తుంది.

అపోహ: ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు కార్పొరేట్ ఆసుపత్రులకే.

వాస్తవం: 50 పడకల లోపు ఆసుపత్రులకు ప్రత్యేకంగా ప్రవేశస్థాయి ప్రమాణాలున్నాయి.

అపోహ: కన్సల్టెంటుకు ఆదాయంలో శాతం ఇస్తే బాగా పనిచేస్తాడు.

వాస్తవం: శాతం తీసుకునేవాడికి మీ రోగి బిల్లు పెరిగితేనే లాభం. అవసరం లేని స్కానింగులు మొదలయ్యేది అక్కడే. అందుకే ముందే మాట్లాడుకున్న మొత్తానికే పనిచేస్తాను. ఒప్పందంలో ఆదాయంతోపాటు ఉచితంగా చూసిన రోగుల సంఖ్య, ఒక్కో రోగి చెల్లించిన సగటు బిల్లు కూడా ప్రతి నెలా నివేదికలో ఉండాలని రాయించుకోండి. అందుకు ఒప్పుకోనివారితో సంతకం వద్దు.