వేడి తెలియని చేయి

దగ్గినా, తుమ్మినా, పగలబడి నవ్వినా తల వెనక నుంచి ఒక్కసారిగా పోటు ఎక్కుతుంది. కాసేపటికి అదే దిగిపోతుంది. ఇలాంటి తలనొప్పి వచ్చిన మనిషి కోనసీమ పల్లెల్లో ముందు ఆర్‌ఎంపీకి చూపించుకుంటాడు. తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆ పైన మెడ ఎముకలు అరిగాయన్న మాట విని పట్టీ కట్టుకుంటాడు. కొబ్బరికాయల బస్తాలు మోసేవాడికి మెడ నొప్పంటే ఎవరికీ వింతగా తోచదు. ఊడ్పుల్లో వంగిన ఆడవాళ్లకి చేతులు తిమ్మిరెక్కాయంటే ఆ మాత్రం కూడా పట్టించుకోరు. ఏళ్లు గడిచాక ఎవరో ఒక డాక్టరు ఎమ్మారై తీయిస్తే, రిపోర్టులో ‘కియారీ మాల్‌ఫార్మేషన్, టైప్ 1’ అని ఉంటుంది.

ప్రాగ్‌లో పనిచేసిన ఆస్ట్రియా వైద్యుడు హాన్స్ కియారీ దీన్ని 1891లో వర్ణించాడు. పుర్రె అడుగున ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. మెదడు నుంచి వెన్నుపాము దిగేది అందులోంచే. దాని పైన చిన్నమెదడు, ఆ చిన్నమెదడు కింది అంచున రెండు చిన్న బొడిపెలు. వాటినీ టాన్సిల్స్ అనే అంటారు గానీ గొంతులో ఉండే టాన్సిల్స్‌కీ వీటికీ సంబంధం లేదు. పుర్రె వెనక భాగం పుట్టుకతోనే ఇరుకైతే ఈ బొడిపెలు రంధ్రంలోంచి కిందికి జారతాయి. 5 మిల్లీమీటర్లు, అంతకు మించి జారితే కియారీ అంటారు. అయితే జారిన ప్రతివాళ్లకీ బాధ ఉండదు. వేరే కారణానికి తీసిన స్కాన్‌లో బయటపడి, ఏ వైద్యమూ అక్కర్లేకుండా బతుకంతా గడిపేసేవాళ్లు ఎందరో. రిపోర్టులో పేరు కనపడగానే హడలిపోవద్దని అందుకే అంటున్నాను.

బాధ ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మెదడు చుట్టూ తిరిగే నీరు సంగతి తెలియాలి. పెద్దవాళ్లలో ఆ ద్రవం ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు తయారయ్యేది మాత్రం అర లీటరు దాకా. అంటే రోజులో మూడుసార్లకు పైగా పాతది పోయి కొత్తది వస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది వెన్ను వైపు కాస్త దిగి మళ్లీ పైకి వస్తుంది. మురుగుకాలువ మూతి దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే ఎగువ చేలు మునగడం చూసిన డెల్టా రైతుకి ఆ తర్వాతి కథ వేరే చెప్పనక్కర్లేదు. దారి మూసుకుపోతే దగ్గినప్పుడు పెరిగిన ఒత్తిడి ఎటూ పోలేక తల వెనక పోటవుతుంది. కొందరిలో, జారిన టాన్సిల్స్ గుండె దెబ్బ దెబ్బకీ పిస్టన్‌లా కిందికి తోస్తుంటే, ఆ ఒత్తిడికి ద్రవం వెన్నుపాము లోపలికే చేరి గొట్టంలాంటి తిత్తి కడుతుంది. దాన్ని సిరింక్స్ అంటారు. అది ఎలా ఏర్పడుతుందన్న దాని మీద వైద్యులు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ మాత్రం ఇదే.

ఈ సిరింక్స్ చేసే పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. చేతి నుంచి నొప్పినీ, వేడినీ మోసుకొచ్చే నరాల దారి వెన్నుపాముకి చేరగానే దాని నడిమధ్య నుంచి అవతలి పక్కకు దాటుతుంది. సరిగ్గా అక్కడే తిత్తి ఉబ్బుతుంది. స్పర్శను మోసే దారి వెన్నుపాము వెనక భాగంలో ఉంటుంది, అది చాలాకాలం చెక్కుచెదరదు. దాంతో ఆ మనిషికి పట్టుకున్నది గుడ్డో, కాగితమో, లోహమో తెలుస్తుంది. కాలుతోందని మాత్రం తెలియదు.

మా మేనత్తది ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, జారుగా కలిపిన బియ్యప్పిండిలో ముంచిన పల్చటి గుడ్డ, కుండ మీద లాగగానే లేచొచ్చే పూతరేకు. ఆమె చేతికి పుట్టిన పని అది. వేళ్ల మీద బొబ్బలు లేస్తుంటే పనిలో మామూలే అనుకుంది. బొబ్బలున్నా నొప్పి లేదన్న సంగతి ఎవరూ పట్టుకోలేదు. అసలు అడగాల్సింది అదే.

ఆపరేషన్ చేసేటప్పుడు మనిషిని బోర్లా పడుకోబెట్టి, తల వెనక నుంచి మెడ దాకా కోసి, పుర్రె అడుగున కొంత ఎముకనీ, మొదటి మెడపూస వెనక కమానునీ తీసేస్తారు. చాలాసార్లు మెదడు పైపొర డ్యూరాను కూడా తెరిచి, చిన్న అతుకు వేసి వెడల్పు చేస్తారు. ద్రవానికి దారి ఇవ్వడమే దీని ఉద్దేశం. పాడైన నరాన్ని బాగుచేసే పని ఇందులో లేదు. ఈ తేడా ఇంట్లోవాళ్లకి ముందే చెప్పకపోవడం వల్ల తర్వాత ఎంతో బాధ పుడుతుంది.

దగ్గితే వచ్చే తలనొప్పి చాలామందికి బాగా తగ్గుతుంది. సిరింక్స్ నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. ఎప్పుడో పోయిన వేడి తెలివిడి మాత్రం తిరిగి రాకపోవచ్చు. స్కాన్ బాగుండి, వేలు మొద్దుగానే ఉంటే ఆపరేషన్ విఫలమైందని కాదు.

మెడ కండరాలను కోసి పక్కకి జరిపి చేసే ఆపరేషన్ కాబట్టి మొదటి వారాల్లో మెడ కర్రలా బిగుసుకుపోతుంది. కళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టుంటుంది. కాకినాడ నుంచి ఇంటికి గతుకుల రోడ్డు మీద ఆటోలో తీసుకురావడం కన్నా, ఇంకో రోజు ఆగైనా కారు మాట్లాడుకోవడం మంచిది. బిందె ఎత్తకూడదు, గ్యాస్ బండ జరపకూడదు, మలబద్ధకంతో ముక్కకూడదు. ఎన్నాళ్లన్నది సర్జనే చెప్పాలి. కుట్ల దగ్గర నీళ్లలాంటి ద్రవం కారినా, మెడ వెనక మెత్తగా ఉబ్బినా, జ్వరంతో మెడ పట్టేసినా తెల్లవారేదాకా ఆగకూడదు. లోపలి ద్రవం బయటికి వస్తోందనో, మెదడు పొరలకు వాపు వచ్చిందనో దానికి అర్థం కావచ్చు.

కుట్లు మానాక పైకి ఏమీ కనపడదు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. “రెండు నెలలైంది కదమ్మా, ఇంకా పడకేంటండీ?” అని సంక్రాంతికొచ్చిన చుట్టాలు ప్రేమగానే అడుగుతారు. ఆ ప్రేమకు జవాబు చెప్పలేక ఆపరేషనైన ఆవిడ లేచి వాకిలి ఊడుస్తుంది, మర్నాడు మంచం దిగలేకపోతుంది. అడిగేవాళ్లకి జవాబు చెప్పే బాధ్యత ఇంట్లో మరొకరు తీసుకోవాలి.

పనిలోకి మళ్లే ముందు, ఏ చేతికి ఎక్కడిదాకా వేడి తెలియడం లేదో డాక్టరు చేత పరీక్ష చేయించి గుర్తుపెట్టుకోవాలి. స్నానం నీళ్లను ఆ చేత్తో కాక, వేడి తెలిసే చోట తాకించి చూసుకోవాలి, లేదా ఇంకొకరు చూడాలి. రోజూ వేళ్లను వెలుతురులో తిప్పి కాలిన గుర్తుల కోసం వెతకాలి. మేనత్త ఇప్పుడు కుండ దగ్గర కూర్చోదు. రేకు కోడలు తీస్తుంది. నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, చిరగకుండా మడిచే పని ఈవిడది. దానికి స్పర్శ చాలు, అది ఆమెకి ఉంది.