పక్కటెముకలూ గోగునారా

కాన్సస్ సిటీ,
జూలై 7

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ,

మొన్న నాలుగో తారీకున ఇక్కడ అమెరికావాళ్ళ స్వాతంత్ర్య దినం. ఏ పెరట్లో చూసినా మాంసం కాల్చే పొగే. మీ మావయ్య ఇంట్లో వంట బాధ్యత నాది. పంది పక్కటెముకలు, ఇక్కడివాళ్ళు రిబ్స్ అంటారు, ఓవెన్లో కాల్చి తీపి సాసు పూసి పళ్ళెంలో పెట్టాను. వాట్సాప్‌లో ఆ ఫోటో చూసి చిట్టితల్లి అడిగిన ప్రశ్న మూడు రోజులుగా నా వెనకాలే తిరుగుతోంది.

"తాతా, గుడ్డు ఉడికేకొద్దీ గట్టిపడుతుంది కదా. మరి మూడు గంటలు ఓవెన్లో పెట్టిన మాంసం రాయిలా అవ్వాలి. మెత్తగా ఎలా అయింది?"

బుజ్జిగాడి ప్రశ్న వేరు. "నాకెప్పుడు వండుతావు?" అన్నాడు. దానికి జవాబు సులువే, నవంబరులో వస్తున్నాను. చిట్టితల్లి ప్రశ్నకే ఇంత ఉత్తరం కావాల్సి వచ్చింది.

ముందు నిజం ఒప్పుకుంటాను. నేను మొదటిసారి వండినప్పుడు అది రాయిలాగే అయిందమ్మా. ఇక్కడ మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు ఉంటుంది. పంది మాంసం లోపల 63 డిగ్రీల సెంటీగ్రేడుకి చేరి, ఆ తర్వాత 3 నిమిషాలు ఆగితే తినడానికి భయం లేదని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. నేను లెక్క ప్రకారం 63 చూసి తీసేశాను. తినడానికి భయం లేదు నిజమే, నమలడానికే పళ్ళు లేవు. మీ మావయ్య ఒక ముక్క కొరికి, మాటా పలుకూ లేకుండా మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. నేను పట్టుదలకి పోయి ఇంకో అరగంట కాల్చాను. ఇంకా బిగిసింది! సరిగ్గా నువ్వు చెప్పిన గుడ్డు సంగతే. ఆ రాత్రి పడుకున్నాక చటుక్కున మా ఊరి చెరువు గుర్తొచ్చింది.

గోంగూర పచ్చడి మీకు తెలుసు. నార కోసం వేసే గోగు కూడా ఆ జాతిదే. మా విజయనగరం పక్క పల్లెల్లో తొలకరికి చల్లేవాళ్ళం. నా చిన్నప్పుడు మా చేలో గోగు మనిషిని మించి ఎత్తు పెరిగేది, అందులో దూరితే మా అమ్మకి నేను దొరికేవాణ్ణి కాదు. పూతకొచ్చాక కోసి, మోపులు కట్టి, చెరువులో ఊరవేసేవారు. తేలిపోకుండా మీద రాళ్ళు పెట్టేవారు. ఇక రెండు మూడు వారాలు ఊరంతా కంపే. బళ్ళో మేష్టారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని ఎక్కాలు చెప్పించేవారు.

నాకు పదేళ్ళప్పుడు ఒక పని చేశాను. ఊరవేసి ఆరు రోజులైనా కాకముందే, ఎవరూ చూడకుండా నీళ్ళలోకి దిగి ఒక కర్ర లాగి నార ఒలవబోయాను. వస్తేనా! గోళ్ళు విరిగాయి, నార మాత్రం కర్రని వదల్లేదు. మా నాన్న గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడట. కొట్టలేదు. "అది తయారవ్వాలిరా, నువ్వు తయారైతే సరిపోదు" అన్నాడు. మరో పది, పన్నెండు రోజులు పోయాక అదే మోపులోంచి ఇంకో కర్ర చేతికిచ్చాడు. మొదలు దగ్గర కాస్త చితక్కొట్టి ఇలా లాగానో లేదో, కర్ర తెల్లగా ఇటు, నార జడలా అటు. మెత్తగా, నున్నగా జారిపోయింది. ఆ జారడం నా వేళ్ళకి ఇప్పటికీ గుర్తే.

మొన్న మూడు గంటలు ఉడికిన ఎముకని పట్టుకుని లాగితే మాంసం జారిందే, అచ్చం అలాగే జారింది.

ఇప్పుడు విను చిట్టితల్లీ. గోగు కర్రలో నార పోగుల్ని ఒకదానికొకటి, అన్నిటినీ కలిపి కర్రకి అంటించి ఉంచేది ఒక జిగురు. చెరువులో కుళ్ళేది నార కాదు, ఆ జిగురు. మాంసంలోనూ అంతే. పోగులు పోగులుగా ఉంటుంది కదా, ఆ పోగులు నువ్వన్నట్టు గుడ్డులాగే వేడికి గట్టిపడతాయి. కానీ వాటిని కట్టి ఉంచేది, ఎముకకి పట్టి ఉంచేది వేరే పదార్థం. దాని పేరు కొల్లాజెన్. మూడు పేటలు పెనవేసిన తాడులా ఉంటుందట దాని పోగు. గుడ్డులో అలాంటి తాళ్ళు లేవు, కాబట్టి గుడ్డుకి గట్టిపడటం ఒక్కటే దారి. మాంసానికి రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: పోగు బిగుస్తుంది, కట్టు వదులవుతుంది. బిగియడం నిమిషాల్లో అయిపోతుంది. వదలడానికి గంటలు పడుతుంది. మొదటిసారి నేను ఆ రెండిటి మధ్యలో తీసేశాను, ఆరో రోజు చెరువులో దిగినట్టు.

పైగా ఆ తాడు వదలబోయే ముందు ఒకసారి బిగుస్తుంది. 60 డిగ్రీలు దాటాక ముడుచుకుని, తడిగుడ్డని పిండినట్టు మాంసంలోని రసాన్ని పిండేస్తుంది. ఇంకో అరగంట కాల్చినా బిగిసిందంటే అందుకే. 70 దాటాక మెల్లగా కరగడం మొదలు. 90 దాటి కాసేపు అక్కడే ఉంటే మూడు పేటలూ విడిపోయి నీళ్ళలో కలిసిపోతాయి. అలా కరిగినదాన్ని జెలటిన్ అంటారు. చెరువులో జిగురు కుళ్ళి ఊరికి కంపునిచ్చింది, ఇక్కడ అదే మన పెదాలకి అంటుకుని "అబ్బ" అనిపిస్తుంది. మీ మావయ్య ఈ మాట విని, "నాన్నా, చెరువులో ఆ పని సూక్ష్మజీవులది, ఓవెన్లో వేడిది, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు. కావు. పోలిక అక్కడ కుంటుతుంది. కుంటుతూనే ఇంకా కొంత దూరం నడవగలదు, చూడు.

ఎక్కువ రోజులు ఊరితే ఏమవుతుంది? నారే పుచ్చిపోయి, పట్టుకుంటే తెగుతుంది. వర్తకుడు అలాంటి నారని పక్కన పడేసేవాడు. రిబ్స్ కూడా ఎక్కువసేపు ఉంచితే పిప్పిపిప్పి అయిపోతాయి. ఈ ఊళ్ళో 1980 నుంచీ పెద్ద బార్బెక్యూ పోటీ జరుగుతోంది. ఎముక ఎత్తగానే మాంసం ఊడి పడిపోతే ఇలాంటి పోటీల్లో మార్కులు తగ్గిస్తారు. కొరికిన చోట మాత్రమే శుభ్రంగా రావాలి, మిగతాది ఎముకని పట్టుకునే ఉండాలి. మా నార వర్తకుడు ఇక్కడ పుట్టి ఉంటే మంచి న్యాయనిర్ణేత అయ్యేవాడు.

ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1871లో ఇక్కడ పశువుల సంత పెట్టారు. అది పెరిగి పెరిగి, ఒకప్పుడు దేశంలో షికాగో తర్వాత ఇదే పెద్దది. మంచి ముక్కలన్నీ రైళ్ళెక్కి పోయేవి. ఎముకలెక్కువ, మాంసం తక్కువ ఉన్నవి చవగ్గా ఇక్కడి పేదలకి మిగిలేవి. అలాంటి ముక్కల్ని గంటలు గంటలు కాచుకుని కూర్చుని రుచిగా చేసినవాళ్ళలో నల్లజాతి వంటవాళ్ళు ముందున్నారు. హెన్రీ పెర్రీ అనే ఆయన 1907లో ఈ ఊరికొచ్చి, ఒక సందులో పొయ్యి పెట్టుకుని, కాల్చిన మాంసాన్ని పాత న్యూస్ పేపర్లో చుట్టి అమ్మేవాడు. మనూళ్ళో మిరపకాయ బజ్జీల బండిలాగా! ఆయన సాసు తీపి కాదు, ఘాటుగా ఉండేదట. తీపి తర్వాత వచ్చింది. గట్టి ముక్కకి కాలాన్ని పెట్టుబడి పెట్టడం లేనివాళ్ళే కనిపెట్టారర్రా, ఏ దేశంలోనైనా. మన తలకాయ కూరా, కాళ్ళ పులుసూ అలా వచ్చినవే కదా.

సరే, బుజ్జిగాడి కోసం వంట.

కిలో పైన ఉండే ఒక పక్కటెముకల పలక తీసుకుంటాం. ఎముకల వైపు పల్చటి పొర ఒకటి ఉంటుంది, అది ఎంత ఉడికినా మెత్తబడదు. చెంచా కాడతో అంచు లేపి, కాగితం గుడ్డతో పట్టుకుని లాగితే సర్రున వస్తుంది. (ఇది కూడా నార ఒలవడమే అనబోయాను, మీ అమ్మమ్మ ఇక చాలన్నట్టు చూసింది.) ఉప్పు, కారం, మిరియాల పొడి, వెల్లుల్లి రుద్దాలి. ఫాయిల్‌లో గాలి పోకుండా చుట్టి, 135 డిగ్రీల ఓవెన్లో రెండున్నర నుంచి మూడు గంటలు. మధ్యలో తలుపు తీసి చూడకూడదు. తీసిన ప్రతిసారీ వేడి బయటికొచ్చి మన ముఖానికి తగులుతుంది, మాంసానికి కాదు.

అయిందో లేదో గడియారం చెప్పదు. మాంసం వెనక్కి జరిగి ఎముకల కొనలు బయటపడతాయి. పట్టకారుతో ఒక చివర పట్టుకుని ఎత్తితే పలక వంగి, పైన చిన్నగా బీట వారుతుంది. అప్పుడు అయినట్టు.

సాసు మన ఇంటి పాకమే. ఇక్కడి తీపి సాసుల్లో మొలాసిస్ వేస్తారు. చెరకు రసంలోంచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి పాకం అది. మన బెల్లంలో అది చక్కెరతోనే కలిసి ఉంటుంది. కాబట్టి నేను అనకాపల్లి బెల్లమే వేశాను, మీ అమ్మ పార్సిల్లో పంపిందే. ఒక కప్పు టమాటా కెచప్, అరకప్పు బెల్లం తురుము, పావు కప్పు వెనిగర్, ఒక చెంచా సోయా సాస్, కొంచెం కారం. సన్నటి సెగ మీద పావుగంట. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. ఫాయిల్‌లో ఊరిన రసం రెండు చెంచాలు ఇందులో కలపడం మరవొద్దు, నేను ఇందాక చెప్పిన జిగురంతా అందులోనే ఉంది.

తీపి చివర్లోనే పూయాలి. రెండోసారి వండినప్పుడు నేను తెలివి ఎక్కువై ముందే పూసి, ఫాయిల్ లేకుండా మంట పెంచి పెట్టాను. చక్కెర 160 డిగ్రీల దగ్గర నుంచీ రంగు మారుతుంది, ఆగకపోతే చేదెక్కి మాడుతుంది. ఇంట్లో పొగ గంట మోగింది. పక్కింటి ఆయన నిక్కరుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడైతే మెత్తబడ్డాక ఫాయిల్ విప్పి, ఓవెన్‌ని 200 డిగ్రీలకి పెంచి, పల్చగా ఒక పూత, ఏడెనిమిది నిమిషాలు. మళ్ళీ ఒక పూత, మళ్ళీ ఏడెనిమిది. మూడో పూతకి వేలికి అంటుకుని సాగుతుంది. ఒకేసారి మందంగా పూస్తే కారిపోతుంది, పల్చగా మూడుసార్లు పూస్తే పట్టుకుంటుంది.

ఇంకో మాట. మీ అమ్మమ్మ ఇది తినదు. నేనూ అరవై దాటాకే తిన్నాను. అందుకని గిన్నె వేరు, కత్తి వేరు, వండాక ఓవెన్ కడిగేది కూడా నేనే. నవంబరులో మీ నాయనమ్మగారింట్లో అయితే ఈ వంట పెట్టను, మన ఇంట్లోనే. ఎదుటివాళ్ళు తినకపోతే అడక్కండి, వెక్కిరించకండి. తినేవాళ్ళనీ అంతే.

ఆ మూడు పేటల తాడు మనలోనూ ఉందట చిట్టితల్లీ. మన చర్మంలో, ఎముకలో, మోకాటిలో. నా మోకాళ్ళలో అది కొంచెం సడలినట్టే ఉంది. ఇంత గట్టి తాడు వట్టి నీళ్ళకీ, వేడికీ, ఓపిక్కీ లొంగిపోయి, చల్లారాక మళ్ళీ గుర్తొచ్చినట్టు ఒకదాన్నొకటి పట్టుకోవడం ఏమిటో! నాకు పూర్తిగా అర్థం కాలేదు. మీరు చూడండి.

ఈ ఆదివారం మీ అమ్మ మేక కాళ్ళు ఉడకబెట్టినప్పుడు, చింతపండు వేయకముందే ఆ నీళ్ళు ఒక గ్లాసుడు అడగండి. వేడిగా ఉంటాయి, అమ్మే పోయాలి. స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున గిన్నె ఒంచితే ఒలకదు, తట్టితే వణుకుతుంది. పైన పేరిన కొవ్వు తీసేసి, ఇద్దరూ చెరో చెంచాడు అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చోండి. ఎవరి చేతిలో ముందు కరిగిందో నాకు రాయండి.

మీ తాత