వైన్ పిప్పి, నీరటికాడి కేక

హన్మకొండలో ఓ పెళ్లి భోజనాల దగ్గర మా మేనల్లుడు అడిగాడు: "మామా, రెడ్ వైన్ గుండెకు మంచిదట గదా?" ఇలా అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది జవాబు కాదు, పర్మిషన్. ఆల్కహాల్‌కు సురక్షితమైన హద్దంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పేసింది. నా ధ్యాసంతా గ్లాసులోకి వచ్చేదాని మీద కాదు, బయట పారబోసేదాని మీద.

ద్రాక్షను పిండాక తొక్కలు, గింజలు మిగులుతాయి. చెరకు పిప్పిలాగే ఇది ద్రాక్ష పిప్పి. పండు బరువులో దాదాపు ఐదో వంతు. పాలీఫినాల్స్, అంటే నాలుక పీక్కుపోయే ఆ వగరు, ఎక్కువగా ఉండేది గింజల్లోనే. (గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని చిన్నప్పుడు భయపెట్టేవాళ్లు. మొలవదు. కానీ నమలకుండా మింగితే అందులోని సరుకు చాలావరకు బయటికి రాదు.)

ఇప్పుడు పాకాల చెరువు తూము దగ్గరికి రండి. నీరు చూసి, తూము ఎంత తెరవాలో చెప్పేవాడు నీరటికాడు. రక్తనాళంలో ఆ పని లోపలి పొరది. పేరు ఎండోథీలియం, మందం ఒక్క కణం. రక్తం ఒరుసుకుంటూ పారగానే అది కేకేస్తుంది. ఆ కేక నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. వెనకున్న కండరం అది విని సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. కేక ఆయుష్షు కొన్ని సెకన్లే. దారిలో సూపరాక్సైడ్ (ఆక్సిజన్‌లో చురుకైన, దుడుకు రూపం) తగిలితే అంతే, కండరాన్ని చేరకముందే మాయం.

పిప్పిలోని పాలీఫినాల్స్ ఈ సూపరాక్సైడ్‌ను తగ్గిస్తాయి, నీరటికాణ్నీ తట్టి లేపుతాయి. లేపే తీరు ఇది: కణంలోని పీఐ3 కైనేజ్ అనే ఎంజైమ్ ఏకేటీ అనే మరో ఎంజైమ్‌ను కదిలిస్తుంది, ఏకేటీ వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌లో 1177వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కేక మొదలు.

1993లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల బృహద్ధమని ముక్కల మీద దీన్ని చూపింది. వైన్‌తో పాటు ద్రాక్ష రసం, తొక్కల సారం కూడా వాటిని సడలించాయి. లోపలి పొర గీకేస్తే సడలలేదు. అంటే ఘనత ఆల్కహాల్‌ది కాదు!

మనుషుల్లో కథ ఇంత జోరుగా లేదు. పాలీఫినాల్స్‌లో పెద్దవైన టానిన్ అణువులు పేగు దాటి రక్తంలోకి రావడం కష్టం, వాటిని ముందు పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేయాలి. గింజల సారంతో చేసిన ట్రయల్స్‌లో కొన్నింటిలో బీపీ కాస్త తగ్గింది, కొన్నింటిలో లేదు. బీపీ గోళీలు మానేసేంత సీన్ లేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారైతే డాక్టర్‌ను అడగకుండా ఆ సారం జోలికి పోవద్దు.

మొన్న చౌరస్తాలో బండి దగ్గర గింజలున్న ద్రాక్ష అడిగాను. "గింజలున్నయా? అవెవరు కొంటరు సార్!" అన్నాడు.