లెన్సుకు పట్టిన బూజు

తెలుగులో ‘బూజు’ అన్న ఒక్క మాటకు రెండు కాపురాలు. ఇంటి కప్పు మూలల్లో వేలాడేదీ బూజే, తడి తగిలిన ఆవకాయ మీద తెల్లగా పట్టేదీ బూజే. విజయవాడ సత్యనారాయణపురంలో, మా పెదనాన్నగారి బీరువాలో దొరికిన 8 మి.మీ. సినిమా కెమెరా లెన్సులోకి టార్చి వేసి చూస్తే రెండూ ఒకచోటే కనిపించాయి. చూపుకు సాలెగూడు, నిజానికి శిలీంధ్రం.

శిలీంధ్రం గాజును తిని బతకదు. దుమ్ము, వేలి జిడ్డు, తోలు సంచి నుంచి వచ్చే నలుసులు దానికి చాలు. కావలసిందల్లా చీకటి, కదలని గాలి, రోజుల తరబడి ఉండే తేమ. వానాకాలంలో కృష్ణ ఒడ్డున తేమకు కరవేముంది? పైగా తోలు సంచి తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. కెమెరాను భద్రంగా ఉంచుతుందనుకున్న సంచే దానికి శత్రువైంది.

శిలీంధ్రం వదిలే ఆమ్లాలు మెల్లగా లెన్సు పైపూతను, ఆపైన గాజును కొరుకుతాయి. ఆ పూత సంగతి కొంచెం చెప్పాలి. పూత లేని గాజు తలం మీద పడిన వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. మూడు గాజు బిళ్ళలు విడివిడిగా ఉన్న లెన్సులో ఆరు తలాలు. అంటే ఐదో వంతుకు పైగా వెలుతురు ఫిల్ముదాకా చేరదు. అందులో కొంత లోపలే అటూఇటూ తిరిగి బొమ్మను వెలవెలబోయేలా చేస్తుంది. 1935లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా దీనికి విరుగుడు కనిపెట్టారు. మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు మందంతో పూత వేస్తే, పూత పైనుంచీ కిందనుంచీ తిరిగివచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు చెరిపేసుకుంటాయి. లెన్సును ఏటవాలుగా పట్టుకుంటే కనిపించే ఊదారంగు మెరుపు దానిదే.

అంత పలుచని పూతను పెదనాన్న పంచె అంచుతో తుడిచేవారు. దుమ్ములోని ఇసుక రేణువులు గాజుకన్నా గట్టివి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరువాతే తడి పత్తి తగిలించాలి. ఆయన గీసిన గీతలు సన్నని వలయాలుగా ఇప్పటికీ ఉన్నాయి.

రెండు మొనల పానాతో ముందు రింగు విప్పాను. ఏ బిళ్ళ ఏ వైపు ఉబ్బెత్తుగా ఉందో విప్పుతూనే బొమ్మ గీసుకోవాలి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు ఏడుపే. బూజును హైడ్రోజన్ పెరాక్సైడ్ తడిపిన పత్తితోనూ, వేసవి ఎండలకు గ్రీజులోని నూనె విడిపోయి గాజు మీద పట్టిన మసకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ తీశాను. రెండు బిళ్ళలను అతికించిన జంటను మాత్రం నానబెట్టలేదు. పాత లెన్సుల్లో ఆ జిగురు తరచుగా కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక. వెలుతురును వంచే దాని గుణం (వక్రీభవనం) గాజుకు దగ్గరగా ఉండడంతో అతుకు కంటికి ఆనదు, కానీ ద్రావకాలు దాన్ని కరిగిస్తాయి.

బూజు పోయింది, దాని అచ్చు మిగిలింది. ఆమ్లం కొరికిన చోట తీగల జాడ అలాగే ఉంది. బొమ్మకు అది పెద్ద నష్టం కాదు. ఫిల్ము మీది ప్రతి బిందువుకూ లెన్సు ముఖమంతటి నుంచీ వెలుతురు చేరుతుంది కాబట్టి చిన్న మచ్చ నీడ కట్టదు. అసలు చూడాల్సింది ఫిల్ము ఆనుకుని నడిచే కిటికీని. దాని వెడల్పు 5 మి.మీ. కూడా ఉండదు. తెరమీద బొమ్మ మీటరున్నర వెడల్పయితే, ఆ కిటికీలో ఇరుక్కున్న తలవెంట్రుక రెండు సెంటీమీటర్ల లావు తాడులా ఊగుతుంది. నాకూ ఒకటి దొరికింది, తెల్లది.

కెమెరా ఇప్పుడు తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో ఉంది. తోలు సంచిని పారేయడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. అది ఖాళీగా బీరువాలోనే ఉంది.