మంట ఆరాక ఇంట్లో ఉండిపోయే పొగ

వంటింట్లోనో, ఇన్వర్టర్ దగ్గరో మంట లేచి ఆరిపోయిన ఇంట్లో, మర్నాడు పైకప్పు మూలల్లో నల్లటి బూజు దారాలు వేలాడుతూ కనిపిస్తాయి. ఇన్నాళ్లూ బూజు దులపలేదేమో అనుకుంటారు ఇంటివాళ్లు. చాలాసార్లు అది సాలీడు పని కాదు. ప్లాస్టిక్, ఫోమ్ లాంటివి కాలినప్పుడు పుట్టే సన్నటి మసి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవుగా పెరుగుతాయి. గాలి పెద్దగా కదలని మూలల్లో అవే దారాలై వేలాడతాయి. వేలితో తాకితే మెత్తగా నలిగి, వేలి మీద జిడ్డుగా నల్లటి మరక మిగులుతుంది. అవి పడక గదిలో కనిపిస్తే, మంట వంటింట్లోనే ఆగిపోయినా పొగ మాత్రం అక్కడిదాకా వచ్చి స్థిరపడిందని అర్థం.

వేడి పొగ వ్యాకోచిస్తూ పైకి లేస్తుంది, దొరికిన ప్రతి సందులోంచీ దూరిపోతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, ఆ పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది ప్రాణాలు పోయాయి. ప్రాణాపాయం తప్పిన ఇళ్లలో కూడా పొగ ఇలాగే ప్రయాణిస్తుంది. తలుపు కింది సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం, వైర్లు వెళ్లే పైపులు, ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీ, అన్నీ దానికి దారులే.

అలా వెళ్లిన పొగ అంతటా సమానంగా పరుచుకోదు. వేడి వైపున గాలి అణువులు రేణువుల్ని గట్టిగా కొడతాయి, చల్లటి వైపున మెల్లగా కొడతాయి. దాంతో మసి చల్లటి వైపుకి నెట్టుకుపోతుంది. దీన్ని థర్మోఫోరెసిస్ అంటారు. అందుకే కిటికీ అద్దాలు, ఇనుప గ్రిల్స్, బాత్రూమ్ టైల్స్, స్టీలు గిన్నెలు, బీరువా తలుపులు ముందుగా నల్లబడతాయి. గోడ తెల్లగానే ఉన్నా, చిన్న మేకు తల మాత్రం నల్లగా మెరుస్తుంది. పొగ ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే గోడల్ని కాదు, ఇంట్లోని చల్లటి లోహాన్నీ గాజునీ చూడాలి.

మసి అంటే బొగ్గు పొడే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఏం కాలిందన్నదాన్ని బట్టి దాని స్వభావం మారిపోతుంది. కట్టె, నూలు బట్ట కాలితే తారు, ఫినాల్ జాతి పదార్థాలు వస్తాయి. వాటిలో గ్వయకాల్ అనేది అతి కొద్ది మోతాదులో ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది. స్టవ్ మీద మాంసం మాడితే గోడ మీద కంటికి ఆనని పసుపు రంగు జిడ్డు పొర, దాంతోపాటు భరించలేని కంపు మిగులుతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పీవీసీ. కరెంటు వైర్ల తొడుగులు, పైపులు, కొన్ని తలుపులు పీవీసీతోనే చేస్తారు. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పుడుతుంది, తేమ తగలగానే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇత్తడి కుళాయిలు, టీవీ సర్క్యూట్ బోర్డులు పాడవడానికి ఎన్నో రోజులు పట్టదు. మంటకి ఆమడ దూరంలో ఉన్న టీవీ కొన్నాళ్లకి ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఇక కిటికీలన్నీ బార్లా తెరిచేస్తే చాలు, వాసన అదే పోతుందన్న నమ్మకం సంగతి. అది ఎంతవరకు నిజమో అమెరికాలో ఒక పెద్ద ప్రమాదం చూపించింది. 2021 డిసెంబరు 30న కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో, గంటకి 160 కిలోమీటర్లు దాటిన గాలులకి మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చు చెలరేగి వెయ్యికి పైగా ఇళ్లని బూడిద చేసింది. కాలకుండా మిగిలిన ఇళ్లవాళ్లు అదృష్టవంతులమనుకుని తిరిగొచ్చారు. లోపల బూడిద, రసాయన వాసన. కొలరాడో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అలాంటి ఇంట్లో గాలిని వారాల తరబడి కొలిచారు. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ పెడితే విష వాయువులు తగ్గాయి, తీసేస్తే మళ్లీ పెరిగాయి. ఆరు నెలల తర్వాత కూడా, సర్వేలో పాల్గొన్నవారిలో సగం మందికి పైగా తలనొప్పి లాంటి ఏదో ఒక ఇబ్బంది ఉందని చెప్పారు.

ఎందుకిలా అన్నదానికి జవాబు మరో ప్రయోగంలో దొరికింది. 2022లో మేరీల్యాండ్‌లోని ఒక పరిశోధన గృహంలోకి శాస్త్రవేత్తలు కావాలనే కట్టె పొగ వదిలి చూశారు. కొత్త కుండ నీళ్లు పీల్చుకున్నట్టు గోడలు, నేల, సామాను అన్నీ ఆ వాయువుల్ని లోపలికి లాక్కున్నాయి. ఆ తర్వాత గాలిని ఎంత శుభ్రం చేసినా, గోడలు దాచుకున్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉన్నాయి. కిటికీ మూయగానే మళ్లీ మొదలు. నిజంగా పని చేసింది వాక్యూమ్ చెయ్యడం, తుడవడం, కడగడం. అంటే మనం శుభ్రం చెయ్యాల్సింది గాలిని ఒక్కటే కాదు, గోడల్నీ వస్తువుల్నీ.

ఇక్కడే మన ఇళ్లలో జరిగే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. కంపు పోవాలని సాంబ్రాణి వేస్తారు, గుప్పెడు అగరొత్తులు వెలిగిస్తారు. అదీ పొగే. అప్పటికే పొగ పీల్చిన ఊపిరితిత్తులకి ఇంకాస్త సన్న ధూళి. రూమ్ ఫ్రెషనర్ వాసనని కప్పిపెడుతుందే తప్ప తీసెయ్యదు. ఓజోన్ మిషన్ తెచ్చి పెడతామని ఎవరైనా అంటే జాగ్రత్త. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది, ఇంట్లోని రసాయనాలతో కలిసి ఫార్మాల్డిహైడ్ లాంటివి కొత్తగా పుట్టిస్తుంది.

ఇంకో తొందర చీపురు, తడిగుడ్డ. చీపురుతో ఊడిస్తే మసి లేచి మళ్లీ ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డ పెడితే జిడ్డు మసి గోడ రంధ్రాల్లోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక పోదు. ముందు పొడిగా తియ్యాలి. అతి సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్ మూతిని గోడకి ఆనించకుండా, కొద్దిగా ఎడంగా పట్టుకుని పైనుంచి కిందికి లాగాలి. మామూలు వాక్యూమ్ అయితే సన్న మసిని వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. తర్వాత రబ్బరుతో చేసే పొడి స్పాంజ్. రుద్దకూడదు, ఒకే దిక్కున ఒక్కసారి లాగాలి. స్పాంజ్‌లో నల్లబడ్డ ముఖాన్ని బ్లేడుతో కోసేసి కొత్త ముఖంతో మళ్లీ మొదలుపెట్టాలి.

నీళ్ల వంతు ఆ తర్వాతే. గోరువెచ్చటి నీళ్లలో డిటర్జెంటు, కొంచెం వాషింగ్ సోడా వేసుకుంటే ఆ క్షారం ఆమ్లాన్ని విరిచేస్తుంది. గోడని మాత్రం కింది నుంచి పైకి కడుగుతూ రావాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి గోడ మీదకి జారి, చారలు పడి ఉండిపోతాయి. డిస్టెంపర్ వేసిన గోడలు కడుగుడికి ఆగవు, గీకించుకోవాల్సిందే.

వీటన్నిటికన్నా ముందు ఫ్యాను, ఏసీ, స్విచ్‌లు ముట్టుకోకూడదు. తడిసిన మసి కరెంటుని ప్రవహింపజేయగలదు. ఎలక్ట్రీషియన్ బోర్డులు విప్పి, మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ సరిగా ఉందో చూసే పరికరం) వైరింగ్ పరీక్షించాకే మెయిన్ వెయ్యాలి. ఇన్సూరెన్స్ ఉంటే ఏదీ కదపకముందే ఫొటోలు తీసుకోవాలి. ఎన్95 మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి. పిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనిలో ఉండకూడదు. కాలింది స్కూటర్ లిథియం బ్యాటరీ అయితే సొంతంగా శుభ్రం చెయ్యకండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఆ మసిలో నికెల్, కోబాల్ట్ లాంటి లోహాలు ఉండొచ్చు.

బీరువాలో పట్టుచీరల్ని చూసి చాలామంది ఏడుస్తారు, ఆ బాధ అర్థమవుతుంది. జరీలోని వెండి, రాగి ఆ ఆమ్లానికి నల్లబడతాయి కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. కానీ బ్రష్ పెట్టి రుద్దడం, ఇస్త్రీ చెయ్యడం వద్దు, వేడికి మరక, వాసన రెండూ ఇంకా పట్టేస్తాయి. మడతలు విప్పి బయట మెల్లగా దులిపి, సంగతి చెప్పి డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. పరుపుల్ని మాత్రం కాపాడాలని చూడకండి.

వంటింట్లో ఇంకా కష్టమైన నిర్ణయాలు ఉంటాయి. మూత తీసి ఉన్న బియ్యం, పప్పులు, కారం పారెయ్యాలి. ఫ్రిజ్ తలుపు కూడా పొగని పూర్తిగా ఆపలేదు. గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ జాడీ మరీ ప్రమాదం. పొగలోని సేంద్రియ పదార్థాల్లో చాలావాటికి నీటికన్నా నూనెలోనే కరిగే గుణం ఎక్కువ. పైకి తేలిన నూనె వాటిని పట్టుకుని ఉంచుకుంటుంది. ఏడాది కోసం పెట్టుకున్నదైనా సరే, తినకూడదు.

రంగులు ఆఖర్న. మసి మిగిలిన గోడ మీద ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకే పసుపు మరకలు పైకి తేలతాయి. ముందు షెల్లాక్ (లక్క) లేదా ఆయిల్ ఆధారిత సీలర్ ప్రైమర్ కొట్టించాలి. అయితే అది వేసేముందు గదిని ఒక రోజంతా మూసి ఉంచి, బయటి మనిషిని పిలిచి వాసన చూడమనండి. ఆ ఇంట్లోనే తిరిగే మన ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. వీలైతే ఉక్కపోసే రోజో, ముసురు పట్టిన రోజో పిలవండి. వేడికీ తేమకీ గోడలు దాచుకున్న వాసన బయటపడుతుంది. ఆ మనిషి గుమ్మంలోనే ముక్కు చిట్లిస్తే పెయింటర్‌ని ఇంకో వారం ఆగమని, మళ్లీ స్పాంజ్, బకెట్ అందుకోవాల్సిందే.