సిలిండర్ నిండా గ్యాసేనా? ఘన, ద్రవ, వాయువులపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. గట్టిగా ఉంటే ఘనం, పారితే ద్రవం, కనపడకపోతే వాయువు అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. అసలు తేడా కణాలు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయి అన్నదాంట్లో ఉంది. ఈ సంగతి పరీక్షకన్నా వంటింట్లో ఎక్కువ అవసరం.

అపోహ: సిలిండర్ నిండా ఉండేది గ్యాసే.

వాస్తవం: ఎక్కువ భాగం ద్రవమే. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి 14.2 కిలోలు నింపుతారు. పైన మిగిలిన కొద్ది ఖాళీలోనే వాయువు ఉంటుంది. స్టవ్ వెలిగిస్తే ఆ వాయువు బయటికి పోతుంది, లోపల ఒత్తిడి తగ్గి కింది ద్రవం మరుగుతుంది. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం పొద్దుపొద్దున మంట మందగించేది ఇందుకే, ఆ చలికి ద్రవం తొందరగా ఆవిరి కాదు. అయిపోవచ్చిందనుకుని సిలిండర్‌ను పడుకోబెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ద్రవమే వస్తుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల వాయువు అవుతుంది, మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో తుడిచి చూడండి. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది.

అపోహ: వాయువుకు బరువుండదు, లీకైతే పైకి పోతుంది.

వాస్తవం: పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలే 30 కిలోలు దాటుతుంది. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, తలుపులు బార్లా తీయాలి. స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. బయటికి వచ్చాక గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి.

అపోహ: ఘనపదార్థాలన్నీ నీళ్లలో మునుగుతాయి.

వాస్తవం: 1213 నాటి రామప్ప గుడి గోపురం ఇటుకలు తేలతాయని మన పిల్లలందరికీ తెలుసు. ఇటుక నిండా సన్నని రంధ్రాలు, వాటిలో గాలి. మంచుగడ్డ సంగతి వేరు. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఒకదానికొకటి కాస్త ఎడంగా సర్దుకుంటాయి, అందుకే తేలుతుంది.

అపోహ: నీరు 100 డిగ్రీలకే ఆవిరవుతుంది.

వాస్తవం: దండెం మీది బట్టలు ఏ డిగ్రీల దగ్గర ఆరుతున్నాయి?

అపోహ: కుక్కర్ నుంచి తెల్లగా వచ్చేదే ఆవిరి.

వాస్తవం: తెల్లగా కనిపించేవి నీటి తుంపరలు, అంటే ద్రవం. నీటి ఆవిరి కంటికి కనపడదు. విజిల్‌కు ఆనుకుని ఏమీ లేనట్టు కనిపించే చోటే అది ఉంటుంది. చెయ్యి ఎక్కువగా కాలేది కూడా అక్కడే, పిల్లలకు అది చూపించి చెప్పండి.