లారీల దారి ఎవరి వీధిలోంచి?

నగరపాలక సంస్థ కొన్ని వీధులను ఎంపిక చేసి, ఫలానా బరువు దాటిన సరకు వాహనాలు వీటి మీదుగానే నడవాలని ప్రకటించగానే రెండు రకాల అర్జీలు వస్తాయి. తమ వీధిని ఆ జాబితాలో ఎందుకు చేర్చారని అక్కడ కాపురముండేవారు అడుగుతారు. గోదాముకు వెళ్లే దగ్గరి దారిని ఎందుకు మూశారని రవాణాదారులు అడుగుతారు. పైకి చూస్తే ఆ జాబితా ఇంజనీర్లు లెక్కగట్టి తేల్చిన సాంకేతిక పత్రంలా ఉంటుంది. కానీ ఇలాంటి జాబితాలు పుట్టిన తీరును వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, ఒక వీధికి ఊరట దొరికిన ప్రతిసారీ ఆ బరువు మరో వీధి నెత్తికెక్కిన వైనమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ తగాదా మోటారు కంటే చాలా పాతది. క్రీ.పూ. 45 నాటిదిగా, జూలియస్ సీజర్ పేరుతో చెప్పుకునే రోమన్ పురపాలక శాసనం పగటిని పన్నెండు భాగాలు చేసి, సూర్యోదయం నుంచి పదో భాగం దాకా రోమ్ నగరంలో బరువు బండ్లు తిరగరాదని కట్టడి చేసింది. దక్షిణ ఇటలీలోని హెరాక్లియా దగ్గర దొరికిన కంచు పలకల మీద ఆ పాఠం నేటికీ చదువుకోవచ్చు. ఆలయాల నిర్మాణానికి, ప్రభుత్వ పనులకు సామగ్రి తెచ్చే బండ్లను, కూల్చిన కట్టడాల శిథిలాలను మోసుకుపోయే బండ్లను మాత్రం మినహాయించారు. ఈ మినహాయింపులే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి, ఎందుకంటే రెండు వేల ఏళ్ల తర్వాత రాసే ఉత్తర్వుల్లోనూ మినహాయింపుల పట్టిక దాదాపు ఇలాగే ఉంటోంది. పగలు ఊపిరి పీల్చుకున్న వీధులు రాత్రి చక్రాల మోతతో నిద్ర లేకుండా గడిపాయని తర్వాతి రోమన్ కవులు వాపోయారు. తర్వాత హేడ్రియన్ చక్రవర్తి మితిమీరిన బరువుతో వచ్చే బండ్లకు నగర ప్రవేశాన్నే నిషేధించాడు. రోమ్ చేసిన ఏర్పాటు వేళకు, బరువుకు సంబంధించినది. ఏ వీధి మీదుగా వెళ్లాలన్న ప్రశ్న అందులో కనిపించదు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌కు వచ్చేసరికి ఆందోళన జనం గురించి కాక రోడ్డు గురించి మొదలైంది. సుంకం వసూలు చేసి రోడ్లు నిర్వహించే ట్రస్టులు బండ్లను తూచే కాంటాలు పెట్టుకోవడానికి 1741లో చట్టం అనుమతించింది. సన్నని చక్రం దారిని కోసేస్తుందన్న భయంతో 1753 నాటి చట్టం బరువు బండ్లకు 9 అంగుళాల వెడల్పు చక్రాలుండాలని చెప్పింది. అంటే దారిని బండికి తగ్గట్టు మలచడానికి బదులు బండినే దారికి తగ్గట్టు మార్చమన్నారు.

నగరం లోపల సరకుకంటూ వేరే దారి గీయాలన్న ఆలోచనకు స్పష్టమైన తొలి రూపాల్లో ఒకటి 1858లో న్యూయార్క్‌లో కనిపిస్తుంది. సెంట్రల్ పార్క్ నమూనా పోటీలో గెలిచిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌లకు ఒక చిక్కు ఎదురైంది. ఉద్యానవనం నగరాన్ని నిలువునా చీల్చినట్టు పరుచుకుంటుంది కాబట్టి తూర్పు నుంచి పడమరకు వెళ్లే బండ్లన్నీ దాన్ని దాటక తప్పదు. బొగ్గు బండ్లు, చెత్త బండ్లు షికారు వచ్చిన వారి కంటపడకుండా చేయడానికి వారు నాలుగు అడ్డ రోడ్లను నేలమట్టానికి దిగువన, రాతిగోడల మధ్య కోసి, వాటి మీద వంతెనలు వేశారు. కింద ఏ బండి వెళుతోందో పైన గడ్డి మీద నడిచేవారికి తెలియదు. ఆ నాలుగు రోడ్లూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే ఈ పరిష్కారంలో కాపాడదగినదిగా ఎంచింది మనుషులుండే ఇళ్లను కాదు, విహారాన్ని, దృశ్యాన్ని అన్నది మరిచిపోకూడదు.

ఆ తర్వాత అమెరికా నగరాల్లో వచ్చిన పార్క్‌వేలు, బులెవార్డులు ఈ వరవడినే పట్టుకున్నాయి. చెట్ల నీడన, వంపులు తిరుగుతూ సాగే ఆ రోడ్ల మీదికి సరకు వాహనాలను రానివ్వలేదు. చికాగో మరో రకంగా ఆలోచించి, 1926లో వాకర్ డ్రైవ్‌ను నది ఒడ్డున రెండంతస్తుల రోడ్డుగా కట్టి, కార్లకు పై అంతస్తును, సరకుకు కింది అంతస్తును కేటాయించింది. ఇంత డబ్బు పెట్టలేని వీధులే ఎక్కువ. అందమైన రోడ్లన్నీ లారీలను వద్దన్నాక అవి సహజంగానే రైలు యార్డుల పక్కనున్న, ఫ్యాక్టరీల వెనకనున్న, అద్దె ఇళ్లు కిక్కిరిసిన వీధుల్లోకి చేరాయి. చాలా నగరాల్లో అధికారిక లారీ మార్గాల జాబితా తయారుచేసే నాటికి ఈ వీధుల్లో లారీల సంఖ్య అప్పటికే ఎక్కువగా ఉండేది. ఎక్కువ తిరుగుతున్నాయి కాబట్టి ఇదే మార్గమని రాసుకోవడం సులువైంది. నా దృష్టిలో ఈ చరిత్రలోని అసలు మలుపు ఇదే, ఎందుకంటే కొలత కోసం తీసిన లెక్క ఇక్కడ తీర్పుగా మారిపోయింది.

తొలినాటి లారీలకు గాలి టైర్లు లేవు, గట్టి రబ్బరు పట్టీలే ఉండేవి. గుర్రపు బండ్ల కోసం వేసిన కంకర రోడ్లను అవి కొద్ది నెలల్లోనే పిండి చేశాయి. 1913లో నాలుగు అమెరికన్ రాష్ట్రాలు మొదటిసారిగా లారీల బరువుకు పరిమితి పెట్టినప్పుడు, మెయిన్ రాష్ట్రం 18,000 పౌండ్లు, అంటే 8 టన్నులకు కాస్త పైన అని చెప్పగా, మసాచుసెట్స్ 28,000 పౌండ్ల దాకా ఒప్పుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రైల్వేలు సరకుతో స్తంభించిపోవడంతో 1917 చివరిలో సైన్యం కొత్త లారీలను టొలెడో నుంచి బాల్టిమోర్ రేవుదాకా రోడ్డు మీదే నడిపించింది. దూరాభారపు సరకుకు రైలే దిక్కు అనుకునే రోజులు అక్కడితో చెల్లిపోవడం మొదలైంది. సౌత్ కరొలైనా రాష్ట్రం 20,000 పౌండ్ల బరువు, 90 అంగుళాల వెడల్పు దాటిన లారీలను నిషేధించడం సబబేనని 1938లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో, స్థానిక రోడ్లను కాపాడుకునే అధికారం కొంతకాలం బలంగా నిలిచింది.

బరువు రోడ్డును ఎంతగా దెబ్బతీస్తుందో అంకెల్లో తేల్చిన ప్రయోగం 1958-60 మధ్య ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర జరిగింది. అక్కడ ప్రత్యేకంగా వేసిన చుట్టు రోడ్ల మీద సైనిక డ్రైవర్లు దాదాపు రెండేళ్లపాటు లారీలను తిప్పుతూనే ఉన్నారు. ఒక్కో ఇరుసు మీద పడే బరువు పెరిగితే నష్టం ఇంచుమించు ఆ బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న సూత్రం ఆ ప్రయోగ ఫలితాల్లోంచి వచ్చింది. కారు ఇరుసు మీద అర టన్ను, లారీ ఇరుసు మీద 10 టన్నులు ఉన్నాయనుకుంటే బరువు తేడా 20 రెట్లే. నష్టంలో తేడా మాత్రం 20×20×20×20, అంటే 1,60,000 రెట్లు. ఇరుసు మీద 20 శాతం ఓవర్‌లోడ్ పడితే నష్టం రెట్టింపు దాటుతుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే, నేలను బట్టి, రోడ్డు మందాన్ని బట్టి మారుతుంది. అయినా ఊరంతా రోడ్లను మందంగా వేయలేనప్పుడు కొన్ని వీధులనే బలంగా వేసి బరువును వాటి మీదికి మళ్లించాలన్న వాదనకు ఇంతకు మించిన ఆధారం దొరకలేదు. మరో విధంగా చెప్పాలంటే రోడ్డు ఇంజనీరింగ్ దృష్టిలో సరకును పంచడం కంటే పోగుచేయడమే లాభం. ఆ వీధిలో ఉండేవారి దృష్టిలో నష్టమూ అక్కడే ఉంది.

1982లో అమెరికా కాంగ్రెస్ చేసిన రవాణా చట్టం ఈ పనిని నగరాల చేతుల్లోకి నెట్టింది. 48 అడుగుల ట్రైలర్లను, 28 అడుగుల జంట ట్రైలర్లను జాతీయ రహదారుల జాలం మీద రాష్ట్రాలు అడ్డుకోరాదని చెప్పడమే కాక, అక్కడి నుంచి సరకు దించే చోటికి, ఇంధనం, భోజనం, మరమ్మతు, విశ్రాంతి దొరికే చోటికి తగిన ప్రవేశం ఇవ్వాలని కూడా ఆ చట్టం ఆదేశించింది. దాంతో రహదారి దిగాక ఏ వీధి అన్న ప్రశ్నకు స్థానిక సంస్థే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో గోదాము యజమాని అర్జీ పెడితే, నగర ఇంజనీరు ఆ మలుపుల్లో లారీ తిరగగలదో లేదో పరిశీలించి ఒప్పుకున్నాక, ఆ వీధిలో 'టీ' అక్షరమున్న బోర్డు నాటుతారు.

ఆ పరిశీలన ఎందుకో తెలియాలంటే లారీ మార్గంలోని ఏదైనా పాత కూడలిని దగ్గరికి వెళ్లి చూడాలి. పొడవైన ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. లోపలివైపుకు కోసుకుంటూ వస్తాయి. అందుకే ఫుట్‌పాత్ మూల రాయి ఎప్పుడూ విరిగి ఉంటుంది, దాని అంచున నల్లని టైరు గీతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి, పక్కనున్న స్తంభానికి నడుము ఎత్తున సొట్ట ఉంటుంది. రోడ్డు దాటడానికి మనిషి నిలబడే చోటు కూడా సరిగ్గా అదే. మూలను వెనక్కి జరిపి గుండ్రంగా చేస్తే లారీ సులువుగా తిరుగుతుంది, అయితే కార్లు కూడా వేగం తగ్గించకుండా తిరుగుతాయి, పాదచారి దాటవలసిన దూరమూ పెరుగుతుంది.

బ్రిటన్‌లో ఈ చర్చ రోడ్డు నుంచి నిద్రకు మళ్లింది. పార్లమెంటు సభ్యుడు హ్యూ డైక్స్ చొరవతో 1973లో వచ్చిన చట్టం స్థానిక సంస్థలన్నీ లారీల కట్టడికి ప్రణాళికలు రాయాలని చెప్పింది. ఇళ్ల మధ్య నుంచి లారీలను తప్పించడంతో పాటు వాటి బరువు పరిమితిని పెంచాలని కూడా 1980లో ఆర్థర్ ఆర్మిటేజ్ విచారణ సంఘం సిఫార్సు చేసింది. పరిమితి 1983లోనే 32.5 టన్నుల నుంచి 38 టన్నులకు పెరిగింది. లండన్‌లో రాత్రి, వారాంతపు నిషేధం 1985 ఉత్తర్వుతో గానీ రాలేదు. 16.5 టన్నులు మించిన లారీలు ఆ వేళల్లో ప్రకటించిన ప్రధాన రోడ్లను వదలాలంటే పర్మిట్ ఉండాలని, ఆ రోడ్ల నుంచి గమ్యానికి దగ్గరి దారినే పట్టాలని అది చెప్పింది. ఉత్తర్వు ఇచ్చిన గ్రేటర్ లండన్ కౌన్సిల్ కొద్ది నెలలకే, 1986 మార్చి చివరన రద్దయిపోయినా, ఉత్తర్వు బతికింది. పర్మిట్ కావాలంటే ఎయిర్ బ్రేకుల బుస తగ్గించే సైలెన్సర్ బిగించాలన్న షరతు మీద రవాణాదారుల సంఘం అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోరాడి 1991లో ఓడిపోయింది. అర్ధరాత్రి సిగ్నల్ దగ్గర ఆగిన లారీ వదిలే ఆ ఒక్క బుస విన్నవారికి ఆ వ్యాజ్యం చిన్నదిగా అనిపించదు.

నిషేధాలు మాత్రమే పెట్టి దారి చూపకపోతే ఏమవుతుందో మనీలా నగరం చూపించింది. 2014 ఫిబ్రవరిలో అక్కడ పగటిపూట లారీల రాకపోకలను అడ్డుకోవడంతో రేవులో కంటైనర్లు గుట్టలుగా పేరుకుపోయి, ఓడలు బయటే వేచి ఉండవలసి వచ్చింది. సెప్టెంబరులో నగరం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.

గాలి సంగతి అన్నిటికంటే ఆలస్యంగా చర్చలోకి వచ్చింది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో వర్గీకరించేనాటికే కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో దశాబ్దాలుగా ఒక వివాదం నలుగుతోంది. నగరం గుండా ఇంచుమించు సమాంతరంగా రెండు పెద్ద రహదారులు వెళతాయి. కొండల వైపున్న ఐ-580 మీద 4.5 టన్నులు మించిన లారీలు నిషిద్ధం. దాంతో రేవుకు వెళ్లే లారీలన్నీ శ్రామిక కుటుంబాలు, నల్లజాతీయులు ఎక్కువగా నివసించిన పల్లపు ప్రాంతాలను ఆనుకుని పోయే ఐ-880 మీదే నడిచాయి. 2015-16లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లకు పరికరాలు అమర్చి ఈ నగరంలో వీధివీధినా పదేపదే గాలిని కొలిచినప్పుడు, ఒకే బ్లాకు పరిధిలోనే కొన్నిచోట్ల కాలుష్యం 5 నుంచి 8 రెట్లు తేడాగా ఉన్నట్టు 2017లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నగరం మొత్తానికి సగటు లెక్కలు చూపి సర్దిచెప్పే వాదన ఆ కొలతలతో బలహీనపడింది.

ఈమధ్య పెరిగిన ఆన్‌లైన్ అమ్మకాల గోదాములు, కార్ల కోసం తయారైన నావిగేషన్ యాప్‌లు ఈ సమస్యను మళ్లీ ముందుకు తెచ్చాయి. యాప్ చూపిన ఇరుకు సందులోకి దూరిన డ్రైవరుకు ఆ వీధి నిషిద్ధమని తెలిసేది వెనక్కి తిప్పుకునే చోటు లేనప్పుడే. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం నగరాలు, కౌంటీలు 2028 జనవరి 1 లోగా, గోదాములు కిక్కిరిసిన ప్రాంతాలైతే రెండేళ్లు ముందుగానే, తమ ప్రణాళికల్లో లారీ మార్గాలను గుర్తించాలని, ఆ మార్గాల డిజిటల్ పటాలను గోదాములకు, డ్రైవర్లకు అందుబాటులో పెట్టాలని చెప్పింది. నివాస ప్రాంతాలను వీలైనంత తప్పించి, రహదారులను, ప్రధాన రోడ్లను వాడుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. అయితే ప్రధాన రోడ్డుకు ఆనుకుని, కింద దుకాణం, పైన కాపురం ఉన్న భవనాలు ఏ నగరంలోనైనా ఉంటాయి. పటం మీద ఆ వీధి నివాస వీధిగా లెక్కకు రాదు.